వరద నీళ్ళు స్విమ్మింగ్ పూల్‌లా వస్తున్నాయండీ!

ప్రశ్న: సార్, మా ఊరి కుర్రోళ్ళందరం కలిసి సంక్రాంతికి నాటకం వేస్తున్నాం, కథ 1986 గోదారి వరదల మీద. ఫ్లెక్స్ డిజైన్ నా నెత్తినేశారు. మా వీధి ఫొటోలో నెట్‌లో దొరికిన వాటర్ టెక్స్చర్ పెడితే స్విమ్మింగ్ పూల్‌లో ఇళ్ళు కట్టినట్టుంది. ఏం చెయ్యాలండీ? – పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: నీలం నీళ్ళు తెచ్చి పోస్తే అలాగే ఉంటది మరి! వరద గోదారి ఎర్రగా బురదగా ఉంటుంది, అడుగు కనపడదు, సుడులూ నురగ తెట్టెలే తప్ప సముద్రంలాగా తెల్లటి కెరటాలుండవు, ఇది లంకల పక్కనున్న మీకు నేను చెప్పాలా. ఫోటోషాప్‌లో ఒక రంగు ముదురు మట్టి, రెండోది పాలెక్కువైన టీ రంగు పెట్టుకుని కొత్త లేయర్ (ఫొటో మీద వేసే పొర) మీద ఫిల్టర్, రెండర్, క్లౌడ్స్ కొట్టండి, దాని మీద అడ్డంగా మోషన్ బ్లర్, ఆ తర్వాత పెర్‌స్పెక్టివ్‌తో కింది అంచు బాగా వెడల్పుకి లాగండి, దగ్గర అలలు పెద్దగా దూరంవి సన్నగా రావాలి, చాలామంది ఇది వదిలేస్తారు, అందుకే నీళ్ళు గోడకి అంటించిన కాగితంలా ఉంటాయి.

ఇళ్ళ నీడ కోసం వీధి ఫొటో డూప్లికేట్ తీసి తలకిందులు చేసి ఒపాసిటీ (చిక్కదనం) బాగా తగ్గించి డిస్‌ప్లేస్ ఫిల్టర్ వెయ్యండి, ఇంకో బొమ్మలోని నలుపు తెలుపుల్ని బట్టి ఈ బొమ్మని అలల్లా జరుపుతుందది, ఆ ఇంకో బొమ్మనే మ్యాప్ అంటారు. మ్యాప్‌గా ఆ నీళ్ళ లేయర్‌నే బ్లాక్ అండ్ వైట్ చేసి పీఎస్‌డీగా (ఫోటోషాప్ సొంత ఫైలు) సేవ్ చేసుకోవాలి, జేపెగ్ తీసుకోదు. నడిమి గ్రే ఉన్నచోట బొమ్మ కదలదు, తెలుపు ఒకవైపుకీ నలుపు రెండోవైపుకీ జరుపుతాయి, కాబట్టి ముందే లెవెల్స్‌లో కాంట్రాస్ట్ పెంచుకోండి. ఇక అసలు నమ్మకం వచ్చేది గోడ దగ్గర: నీటి మట్టానికి పైన జానెడు మేర సున్నం తడిసి ముదురుగా ఉంటుంది, దాన్ని మల్టిప్లై (కింది రంగుని ముదురు చేసే మోడ్) పెట్టిన బ్రష్‌తో ఎగుడుదిగుడుగా గీయండి, స్కేల్ పెట్టినట్టు కాదు. రెండు అరటి బోదెలు, కాస్త గుర్రపుడెక్క తేలిస్తే చాలు.

అన్నట్టు నాటకం పేరు లేని కాపీ వాట్సాప్‌లో వదలొద్దు, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చిన రోజున అది ఎవడో ఫార్వర్డ్ చేస్తే ఊరంతా పరుగులే.

ప్రశ్న: వరద తీశాక బీటలేసిన ఒండ్రు కావాలి. ఫిల్టర్ గ్యాలరీ ఓపెనే అవ్వట్లేదు. – పాఠకురాలు, రావులపాలెం

జవాబు: ఫ్లెక్స్ కదా అని ముందే సీఎంవైకే (ప్రింటింగ్ రంగుల మోడ్) పెట్టుంటారు, లేకపోతే 16 బిట్. ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల మోడ్) 8 బిట్‌కి మార్చండి, తెరుచుకుంటుంది. అందులో స్టెయిన్డ్ గ్లాస్ వేస్తే గళ్ళు వస్తాయి కానీ అన్నీ ఒకే సైజు, బాత్రూం టైల్స్‌లాగా. అందుకని సెల్ సైజు మార్చి ఇంకో లేయర్ కూడా చేసి కలపండి, పెద్ద బీటల మధ్య చిన్న బీటలొస్తాయి. ఎండిన బంకమట్టి అంచులు పైకి లేస్తాయి కదా, బెవెల్ అండ్ ఎంబాస్ (అంచుల్ని ఉబ్బెత్తుగా చూపే ఎఫెక్ట్) కొద్దిగా ఇవ్వండి, వెలుగు మాత్రం ఫొటోలో ఎండ ఎటుంటే అటు నుంచే.

ప్రశ్న: 1996 తుఫాను మీద పోస్టర్‌కి శాటిలైట్ బొమ్మలాంటి సుడి ఎలా? – అమలాపురం

జవాబు: డిఫరెన్స్ క్లౌడ్స్ మీద ట్విర్ల్ (బొమ్మని మెలితిప్పే ఫిల్టర్). మన బంగాళాఖాతం తుఫాను గడియారం ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది, మీ సుడి రివర్స్‌లో వస్తే ఫ్లిప్ హారిజాంటల్ కొట్టండి. కింద కోనసీమ కొబ్బరి చెట్లు పెడతారేమో, మట్టలన్నీ ఒకే వైపుకి దువ్వినట్టుండాలి.