శ్రీలంక రూపాయి పడినా టూరిస్టులు ఎందుకు రాలేదంటే

యెన్ పడితే జపాన్‌కు జనం ఎగబడ్డారు, 2022లో శ్రీలంక రూపాయి పడితే మాత్రం ఎందుకు రాలేదని మీ ప్రాజెక్టు కోసం అడిగారు కదండీ. మీరు మారకపు రేటు ఒక్కటే చూస్తున్నారు, చిక్కంతా అక్కడే ఉంది. డాలరుకు 200 ఉన్న లంక రూపాయి 360 దాకా పడింది, నిజమే. కానీ ఆ సెప్టెంబరు నాటికి ధరలు ఏడాదిలో దాదాపు 70 శాతం పెరిగాయి. రేటులో కలిసొచ్చింది చాలావరకు అక్కడే పోయింది. పైగా పెట్రోలు లేదు, కరెంటు కోతలు. టాక్సీయే దొరకని చోటికి చవకని ఎవరు వెళ్తారు చెప్పండి? యుద్ధంతో రష్యా, ఉక్రెయిన్ టూరిస్టులూ తగ్గారు.

జపాన్‌లో ధరలు అంతగా కదల్లేదు, 2024లో సుమారు 3.7 కోట్ల మంది వచ్చారు. మీ ప్రాజెక్టులో మారకపు రేటును ద్రవ్యోల్బణంతో, అంటే ధరల పెరుగుదలతో, సరిచేయండి, టూరిస్టుల సొంత దేశాల ఆదాయం కూడా కలపండి.