ఆ కొలిమి దగ్గర ఎందుకు ఆగలేదు?

తమ్ముడూ,

ఫ్రెంచి సైకిల్ పందెగాడు యూజెన్ క్రిస్తోఫ్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది. కానీ మూడో పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. 1913 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెంలో టూర్మలే కనుమ దిగుతుంటే అతని సైకిల్ ముందు ఫోర్కు, అదే ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీ, విరిగింది కదా, దాన్ని నువ్వెలా రాశావో చూడు: "మొక్కవోని ధైర్యంతో ఫోర్కు బాగుచేసుకుని ముందుకు సాగాడు." అంతే! ఆ వెంటనే విధి వంచన అంటూ అర పేజీ.

బాగుచేసుకోవడమంటే మాటలా? విరిగిన సైకిల్ భుజానేసుకుని, పది కిలోమీటర్ల పైన కొండదారిలో నడిచి, సాంత్ మారీ ద కాంపాన్ అనే ఊళ్లో కమ్మరి కొలిమి పట్టుకున్నాడు. తన రిపేరు తనే చేసుకోవాలి, ఇంకొకరు చెయ్యి వేయకూడదని రూలు. అధికారులు పక్కనే కాపలా. మొదట్లో తాళాల పని చేసినవాడు కాబట్టి ఇనుము సంగతి తెలుసు. ఆకలేస్తోందన్న అధికారిని బొగ్గు తినమన్నాడట! ఒక చేతిలో ఇనుము, ఇంకో చేతిలో సుత్తి, మరి తిత్తి ఎవరూదాలి? ఓ కుర్రాడు ఊదాడు. అందుకు 10 నిమిషాలు శిక్ష వేసి, తర్వాత 3కి తగ్గించారు. అప్పటికే దాదాపు నాలుగు గంటలు పోగొట్టుకున్న మనిషికి! నీ వ్యాసంలో ఆ కుర్రాడే లేడు.

మా నాన్నకు సైకిల్ షాపు ఉండేది. పదో తరగతి దాకా నా సాయంత్రాలన్నీ పంక్చర్లకే పోయాయి. నా మొదటి కథ ఆ షాపు మీదే. అందులో కాటర్ పిన్ను, అదే పెడల్ క్రాంకును ఇరుసుకు బిగించే మేకు, ఊడదీయడం గురించి రెండు పేరాలు రాస్తే ఒక సంపాదకుడు, పేరెందుకులే, పాఠకుడికి స్ఫూర్తి కావాలి గానీ స్పానర్లు కాదని అవి రెండూ కొట్టేసి, చివర జీవితం సైకిల్ లాంటిదని తన సొంత వాక్యం ఒకటి అతికించి, కింద నా పేరు వేశాడు. నాన్న చదివి ఒక్కటే అడిగాడు: "పిన్ను తీయకుండా క్రాంకు ఎలా ఊడిందిరా?"

ఆ సంచిక ఇప్పటికీ ఎవరికీ చూపించను. స్ఫూర్తి పిచ్చి ఇప్పుడు ఇంకా ముదిరింది, అది వేరే గొడవ.

1919లో గ్రెనోబుల్‌లో పందెంలో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ మొట్టమొదట క్రిస్తోఫ్‌కే ఇచ్చారనీ, జనం పసుపు కెనరీ పిట్టలా ఉన్నాడని ఎగతాళి చేశారనీ రాసిన చోట నవ్వొచ్చింది. అదే ఏడాది, పందెంలో ముందున్న అతనికి ఉత్తర ఫ్రాన్స్‌లో మళ్లీ ఫోర్కు విరిగి మూడో స్థానంతో సరిపెట్టుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం నువ్వు మళ్లీ విధినే పిలిచావు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి ఏడాది కూడా కాలేదయ్యా, అక్కడి రోడ్లు ఎలా ఉంటాయి? ముందు ఆ రోడ్డు రాయి. నాన్న అయితే విధిని కాదు, గుంతను తిట్టేవాడు.

ఏ పత్రికకు పంపాలి, ఎంత ఇస్తారు అని అడిగావు. తర్వాత చూద్దాం. ఆ గెలుపుల జాబితా పేజీ తీసేసి, ఆ ఖాళీలో కొలిమి దగ్గరి గంటలు రాసి పంపు. తిత్తి ఊదే కుర్రాణ్ని మర్చిపోకు.

మీ అన్నయ్య