ఆడని కుర్రాళ్ల దగ్గర తేలుతుంది

చిరంజీవికి,

బాబాయి ఆశీర్వదించి రాయునది. యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, అంటే పీజీ చదువుకుంటూ కోచ్‌లకి సాయపడే పనికి, నిన్ను తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషంరా. ఇంజినీరింగ్ చదివి ఈ ఆటల ఉద్యోగమేమిటని ఆవిడకు బెంగ. ఆ సంగతి నాకు వదిలెయ్, నేను నచ్చజెబుతాను.

గొప్ప కోచ్ అంటే ఎవరని అడిగావు. నేను మైదానంలో దిగినవాణ్ణి కాదు. అథ్లెట్ల ట్యూటరింగ్ సెంటర్‌లో స్టాటిస్టిక్స్ చెబుతూనే రిటైరయ్యాను. కానీ ఆ గదిలో కూర్చుంటే కోచ్‌ల గురించి స్టేడియంలో తెలియని సంగతులు చాలా తెలుస్తాయి. నా మట్టుకు నాకు ఒక్కటే కొలత: ఆడే అవకాశం రాని కుర్రాడితో ఆయన ఎలా మసలుకుంటాడు? జట్టులో వందమంది దాకా ఉంటారు, మైదానంలో ఉండేది ఒక్కసారికి పదకొండుమందే. స్టార్ ఆటగాణ్ణి బాగా చూసుకోవడానికి గొప్ప కోచే కానక్కర్లేదు, ఆ పని అందరూ చేస్తారు.

2018 జనవరిలో అట్లాంటాలో జరిగిన కాలేజీ ఫుట్‌బాల్ ఫైనల్ నీకు గుర్తుండే ఉంటుంది. అలబామా యూనివర్సిటీ జట్టు హాఫ్‌టైమ్‌కి జార్జియా జట్టు చేతిలో 13-0తో వెనకబడింది. ఎత్తులు నడిపి పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ రెండు సీజన్ల పాటు ఆ జట్టును నడిపించి రెండంటే రెండు మ్యాచ్‌లు ఓడినవాడు. కోచ్ నిక్ సాబన్ అతన్ని కూర్చోబెట్టి, తువా టాగోవైలోవా అనే ఫస్టియర్ పిల్లాణ్ణి దింపాడు. ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచారు. అందరూ సాబన్ తెగువ గురించే మాట్లాడుకున్నారు. నాకు అంతకన్నా గొప్పగా కనిపించేది అదే ఏడాది డిసెంబర్. అదే స్టేడియం, అదే జార్జియా. నాలుగో క్వార్టర్‌లో, జట్టు ఏడు పాయింట్లు వెనకబడి ఉండగా తువాకి దెబ్బ తగిలింది. హర్ట్స్ లోపలికి వెళ్లి, ఒక టచ్‌డౌన్‌కి (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడానికి) పాస్ ఇచ్చి, ఇంకొకటి తానే పరుగెత్తి చేసి 35-28తో గెలిపించాడు. సీజనంతా పక్కన కూర్చున్నవాడు ఒక్క నిమిషంలో అలా సిద్ధమైపోడు. గొప్పతనం ముందుగా ఆ కుర్రాడిది, అతన్ని పెంచిన తల్లిదండ్రులది. అయినా ఆ నెలలన్నీ అతన్ని పక్కకి నెట్టేయకుండా, రోజూ స్టార్టర్‌తో, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఆటగాడితో, సమానంగా సానపట్టిన కోచ్‌లు లేకపోతే ఆ రోజు వచ్చేది కాదు. డిగ్రీ కూడా ఆ డిసెంబర్‌లోనే పుచ్చుకున్నాడు. ట్యూటర్‌ని కాబట్టి నాకు ఆ ముక్క ఇంకా ముద్దు.

మా సెంటర్‌కి సాయంత్రం పూట కోచ్‌లు వచ్చేవారు. చాలామంది గుమ్మంలో నిలబడి, హాజరు పట్టీ చూసుకుని వెళ్లిపోయేవారు. ఒకాయన మాత్రం లోపలికి వచ్చేవాడు. ఓసారి మోకాలి ఆపరేషన్ అయిన లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) ఒకడు కాలు కుర్చీ మీద చాపి, ఐస్ సంచీ కట్టుకుని, కండిషనల్ ప్రాబబిలిటీ లెక్క దగ్గర కొట్టుకుంటున్నాడు. ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, మోకాలి ఊసెత్తకుండా, "ఈ లెక్క నాకు చెప్పు" అన్నాడు. ఆ కుర్రాడు చెప్పడం మొదలుపెట్టి, సగంలో తన తప్పు తానే పట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ సీజన్‌లో ఆ పిల్లాడు ఆడే ప్రశ్నే లేదు, కోచ్‌కి వాడి వల్ల ఒక్క పాయింటూ రాదు. అలాంటివాడి దగ్గర పని నేర్చుకో.

గ్రాంబ్లింగ్ యూనివర్సిటీ కోచ్ ఎడ్డీ రాబిన్సన్ గురించి చదువు. 22 ఏళ్లకి, 1941లో చేరి, 1997 దాకా అక్కడే ఉన్నాడు, 408 మ్యాచ్‌లు గెలిచాడు. పొద్దున్నే హాస్టల్ వరండాలో గంట వాయించుకుంటూ తిరిగి పిల్లల్ని క్లాసులకి లేపేవాడు. దక్షిణాదిలో నల్లవాళ్లకి హోటళ్లలో తిండి పెట్టని ఆ రోజుల్లో ప్రయాణాలకి శాండ్‌విచ్‌లు తానే చేసి పట్టుకెళ్లేవాడు. కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ కోచ్ బిల్ స్నైడర్ 27 మ్యాచ్‌లుగా గెలుపన్నది ఎరగని జట్టును 1989లో చేతికి తీసుకుని నిలబెట్టాడు. దెబ్బ తగిలిన ఎదుటి జట్టు కుర్రాళ్లకి కూడా చేత్తో ఉత్తరాలు రాసేవాడు.

నీకు మొదట అప్పగించేది స్కౌట్ టీమే. వచ్చే వారం ప్రత్యర్థి ఆడబోయే ఎత్తులు కార్డుల మీద గీసి, ప్రాక్టీసులో ఎత్తి చూపిస్తే, వీళ్లు ప్రత్యర్థి వేషం కట్టి మన స్టార్టర్ల చేత దెబ్బలు తింటారు. సగంమంది స్కాలర్‌షిప్ లేని వాక్-ఆన్‌లు. కార్డు శుభ్రంగా గియ్. ఎవడు ఎటు పరుగెత్తాలో దూరం నుంచి చూసినా తెలియాలి. నీ గీత తప్పితే తిట్లు తినేది వాడు. బాగా చేసినవాణ్ణి పేరు పెట్టి, అందరి ముందూ మెచ్చుకో.

ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ తలొగ్గకు. 2018లో మేరీల్యాండ్ యూనివర్సిటీ జట్టులో 19 ఏళ్ల కుర్రాడు ప్రాక్టీసులో వడదెబ్బ తిని రెండు వారాలకి చనిపోయాడు. వెంటనే మంచునీళ్ల తొట్టిలో ముంచాల్సింది, ముంచలేదు. ఆగస్టు ప్రాక్టీసులో తొట్టి నింపి ఉందో లేదో రోజూ నీ కళ్లతో నువ్వే చూసుకో. ఎవడైనా తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా ఆట ఆపించి, దెబ్బలూ జబ్బులూ చూసే ట్రెయినర్‌ని పిలువు. హెడ్ కోచ్ విసుక్కుంటే విసుక్కోనీ. గాసిప్పులకీ ఒట్టి తిట్లకీ తలవంచినా ఫర్వాలేదు, దీనికి మాత్రం వంచకు.

2021 జూలై నుంచి పిల్లలు ప్రకటనల్లాంటి వాటిలో తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకోవచ్చు. జట్టు మారాలనుకునేవాళ్లు పేరిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, నచ్చకపోతే వేరే జట్టుకి పోతారు. పాత కోచ్‌లు దీని మీద కోపంగా ఉన్నారు. నాకైతే పిల్లలకి దక్కాల్సిందే దక్కిందనిపిస్తుంది. పోయేవాణ్ణి కూడా తిట్టకుండా, నిజం చెప్పి సాగనంపు. వచ్చే ఏడు తనకి ఎన్ని నిమిషాలు ఆట దొరుకుతుందని ఎవడైనా అడిగితే, నీకు తెలియకపోతే తెలియదనే చెప్పు.

క్యాంపు మొదలయ్యే లోపు స్కౌట్ టీమ్‌లో ప్రతివాడి పేరు, ఊరు, చదువుతున్న సబ్జెక్టు, ఇంట్లో ఫోన్ ఎత్తేది ఎవరో ఒక పుస్తకంలో రాసుకో. రాయడం అయ్యాక ఓ ఆదివారం నాకు ఫోన్ చెయ్యి. ఒక్కొక్కరి గురించే అడుగుతాను, పుస్తకం చూడకుండా చెప్పాలి.

ఇట్లు,
మీ బాబాయి