కబుర్లు మోసే పని తల్లికి పెట్టకండి

ఒకే పిల్లాడిని చూసే డాక్టరు, స్పీచ్ థెరపిస్టు, స్కూల్ టీచరు తలా ఒకటి చెబుతుంటే వాళ్లని ఒక మాట మీదకు తేవడం ఎలా అని అడిగారు కదా. నేను ఉప్పల్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్‌ని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతాను. నాకు తెలిసింది చెబుతాను.

ముందు తల్లిని మధ్యలోంచి తప్పించండి. ప్లాస్టిక్ కవర్లో రిపోర్టులు పెట్టుకుని, పిల్లాడిని చంకనేసుకుని, రెండు బస్సులు మారి వచ్చిన మనిషిని "డాక్టరు గారు ఏమన్నారమ్మా?" అని అడుగుతాం, ఆమె అర్థమైనంత వరకు చెబుతుంది, ఏ ముక్క తేడా వచ్చినా అక్కడా ఇక్కడా మాటలు పడేది ఆమే. ఆ ఫోనేదో మనమే చేసుకోవచ్చు. దానికి అమ్మానాన్నల అనుమతి ముందే రాయించుకోండి, ఎవరికి ఏ సంగతి చెప్పొచ్చో కూడా అందులోనే ఉండాలి.

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ) లాంటి చోట సైకాలజిస్టు, థెరపిస్టులు ఒకే ఆవరణలో ఉంటారు. బయట అలా కుదరదు, అందుకే అందరికీ ఫోన్ చేసే బాధ్యత ఒక్కరు తీసుకోవాలి. అది మీరే అయితే మరీ మంచిది.

మాట్లాడుకునేటప్పుడు ఒక్క చిన్న పని పట్టుకోండి. మా దగ్గర నాలుగున్నరేళ్ల బాబు ఉండేవాడు, మాటలు రాలేదు. థెరపిస్టు "నీళ్లు" అని అడిగించడం నేర్పుతోంది. స్కూల్లో ఆయమ్మేమో వాడు బాటిల్ వైపు చూడగానే మూత తీసి నోటికి అందించేది, ఇంట్లో నాయనమ్మ అడక్కముందే గ్లాసు పెట్టేది. ఇద్దరిదీ ప్రేమే, వాళ్లకి ఎవరూ చెప్పలేదు అంతే. అందరం కూర్చుని ఒకటే అనుకున్నాం: బాటిల్ చూపించి, మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టి, వాడు ఏ చిన్న శబ్దం చేసినా వెంటనే ఇచ్చేయాలి, ఏడిపించకూడదు. కొన్ని వారాలకు "నీ" అన్నాడని పరుగున వచ్చి చెప్పింది ఆయమ్మే. పిల్లాడితో రోజంతా ఉండేవాళ్లని మీటింగుకి పిలవకపోతే ఆ మీటింగు దండగ అని నా గట్టి నమ్మకం.

పిల్లాడి బ్యాగులో, జరిగింది రాయడానికి ఒక నోటుబుక్ పెట్టండి. "మొండితనం చేశాడు" అని రాయొద్దు, "బెల్ మోగినప్పుడు చెవులు మూసుకుని బల్ల కిందకు వెళ్లాడు" అని రాస్తే థెరపిస్టుకి పనికొస్తుంది. అమ్మ ఉర్దూ మాత్రమే చదవగలిగితే వాయిస్ మెసేజ్ పంపండి.

వాట్సాప్ గ్రూపులో టైమింగ్స్ వరకే, రిపోర్టులు, ఫొటోలు వద్దు. పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని అనుమానం వస్తే గ్రూపులో చర్చ అసలే వద్దు, పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

డాక్టరుకీ థెరపిస్టుకీ అభిప్రాయాలు కలవకపోతే అది వాళ్లిద్దరూ తేల్చుకున్నాకే ఇంట్లోవాళ్లకి చెప్పండి. ముందు థెరపిస్టుతో మొదలుపెట్టండి, సెషన్లు లేని టైం కనుక్కుని పది నిమిషాలు అడిగితే చాలామంది కాదనరు.