దీర్ఘంగా ఊపిరి తీస్తుంటే దడ ఇంకా పెరుగుతోందా?

టెన్షన్ తగ్గాలని గట్టిగా ఊపిరి పీలుస్తుంటే దడ పెరిగి, తల తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా? అది చాలావరకు గాలి ఎక్కువ పీల్చడం వల్లే, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి ఇలా అవుతుంది.

చాలామంది పట్టించుకోనిది ఊపిరి బయటికి వదలడం. గుండె నెమ్మదించేది అప్పుడే.

1. ముందు లోపలున్న గాలంతా నెమ్మదిగా వదిలేయండి.
2. ముక్కుతో మామూలుగా, 4 లెక్కపెట్టేదాకా పీల్చండి. ఛాతీ ఎగరకూడదు, బొడ్డు మీద పెట్టిన చెయ్యి కొద్దిగా లేస్తే చాలు.
3. పెదాలు సున్నాలా చుట్టి 6 లెక్కపెట్టేదాకా వదలండి, భుజాలు కూడా కిందికి జారనివ్వండి.
4. ఇలా 5 నిమిషాలు. కళ్లు తిరిగితే ఆపేయండి.

దడ మొదలయ్యాక నేర్చుకోవడం కష్టం, ప్రశాంతంగా ఉన్నప్పుడే రోజూ అలవాటు చేసుకోండి. కాఫీ కూడా తగ్గించండి. ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి.