డిష్ బిగించే మనిషి రాకముందే

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లా, కొత్తపట్నం దగ్గర పల్లె. ఇంటికీ సముద్రానికీ మధ్య కిలోమీటరు కూడా ఉండదు. ఒకంతస్తు శ్లాబు ఇల్లు. కేబుల్ తీసేసి డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకుందామని బజారులో మాట్లాడి వచ్చాను. వచ్చే ఆదివారం మనిషిని పంపుతామన్నారు. మా ఆయన హైదరాబాదులో పనిచేస్తారు. ఇంట్లో ఉండేది నేనూ అత్తమ్మా. ఈశాన్యం మూల ఏదీ బిగించనివ్వద్దని అత్తమ్మ పట్టుబడుతున్నారు. ఎక్కడ పెట్టించాలి? ముందుగా మేం ఏం చూసుకోవాలి? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మనిషి రాకముందే అడిగారు, చాలా సంతోషం. ఒంగోలులో ఇరవై ఏళ్లకు పైగా డిష్‌లు బిగించాను. ఎక్కువ ఇళ్లలో నన్ను పిలిచేది అంతా అయిపోయాక, శ్లాబు కారుతోందనో వాన పడితే బొమ్మ పోతోందనో చెప్పడానికే. వచ్చే మనిషి గంటలో పని ముగించుకుని ఇంకో ఇంటికి పోవాలి. ఎక్కడ సులువైతే అక్కడ బిగిస్తాడు. అతన్ని తప్పుపట్టలేం. కానీ ఆ ఇంట్లో పదేళ్లు ఉండేది మీరు. చోటు, కేబుల్ వచ్చే దారి, ఈ రెండూ మీరే తేల్చి పెట్టుకోండి.

ముందు అత్తమ్మగారి మాట. ఫ్రీ డిష్ చానళ్లు వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి. శ్రీహరికోట రాకెట్ల పొగను మేడ మీద నుంచి చూసే వాళ్లం కాబట్టి ఇదీ అక్కడి నుంచే పోయిందనుకుంటాం గానీ, దాన్ని 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి పంపారు. భూమధ్యరేఖకు పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. మీ ఊరి నుంచి చూస్తే అది దాదాపు ఆగ్నేయం దిక్కున, నేల మట్టం నుంచి 66 డిగ్రీల కోణంలో పైన. అంటే డిష్ చూడాల్సింది ఆగ్నేయం వైపు. నిలబడాల్సింది మాత్రం ఏ మూలైనా సరే, ముందు ఆకాశం తెరిపిగా ఉంటే చాలు. నైరుతిలో పెట్టించండి. అత్తమ్మగారి మనసూ కుదుటపడుతుంది, డిష్‌కీ ఏ లోటూ రాదు. ఒక్కటే జాగ్రత్త. మన ఇళ్లలో నీళ్ల ట్యాంకు కూడా నైరుతిలోనే ఉంటుంది. డిష్ ట్యాంకుకు ఆగ్నేయం పక్కగా రావాలి. ట్యాంకు వెనక పడితే దానికి ట్యాంకు తప్ప ఏమీ కనపడదు.

కొబ్బరి చెట్లు అడ్డమా కాదా అని చాలామంది టెన్షన్ పడతారు. డిష్‌ను చూసి అంచనా వేయకండి. అది ముందుకు చూస్తున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి మనం అనుకున్నదానికన్నా చాలా పైకి చూస్తుంది. దాని తయారీయే అంత. ఉపగ్రహం అంత ఎత్తులో ఉంది కాబట్టి డిష్ కన్నా పది అడుగులు ఎత్తున్న గోడైనా చెట్టైనా ఆరడుగుల అవతల ఉంటే అడ్డం రాదు. చెట్టు పెరుగుతుంది కాబట్టి ఇంకాస్త దూరం చూసుకోండి.

దీనికి యంత్రం అక్కర్లేని పరీక్ష ఒకటి ఉంది. ఈ సంచిక మీ చేతికి అందేసరికి సెప్టెంబరు ఆఖరు రోజులు. ఆ నాలుగైదు రోజుల్లో ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో సూర్యుడు మీకు దాదాపు ఆ ఉపగ్రహం ఉన్న చోటే కనిపిస్తాడు. అప్పుడు మేడెక్కి, డిష్ పెట్టాలనుకున్న చోట నిలబడండి. ఎండ పడుతుంటే సిగ్నల్ కూడా పడుతుంది. నీడ ఉంటే చోటు మార్చండి. మళ్లీ మార్చి మధ్యలోనూ ఇలాగే జరుగుతుంది. ఆ రోజుల్లో ఆ వేళకి కొన్ని నిమిషాలు బొమ్మ పోతే ఎవరికీ ఫోన్ చేయకండి. సూర్యుడు ఉపగ్రహం వెనక్కి రావడం వల్ల అలా అవుతుంది, దానంతటదే వస్తుంది.

ఇక బిగింపు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పిట్టగోడ మీద మాత్రం వద్దమ్మా. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు మా పిన్ని ఇంట్లో నాలుగున్నర అంగుళాల పిట్టగోడకి బోల్టులు కొట్టి డిష్ పెట్టాను. చూడ్డానికి గట్టిగానే ఉంది. 2010 మే 20న లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలికి డిష్ రెండు ఇటుకలతో సహా ఊడి పక్కింటి వాకిట్లో పడింది. ఆ వాకిట్లో రోజూ ఒక ముసలమ్మ మంచం వేసుకుని పడుకునేది. ఆ రాత్రి ఆమెను స్కూల్లోకి తరలించారు కాబట్టి ప్రాణం దక్కింది. ఆ ఇటుకలు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంటాయి. డిష్ అంటే రెండడుగుల వెడల్పున్న రేకు, గాలికి తెరచాప లాంటిది. 2023 డిసెంబరులో మిచాంగ్ కూడా మన తీరం మీదికే వచ్చింది కదా.

మెట్ల గది ఉండి, దానికి తొమ్మిదంగుళాల గోడ ఉంటే ఆ గోడ మంచిది. లేకపోతే మేస్త్రీ చేత శ్లాబు మీద ఒకటిన్నర అడుగు చదరం, అర అడుగు మందం కాంక్రీటు దిమ్మె పోయించండి. కింద గోడో స్తంభమో ఉన్న చోటు చూసి, శ్లాబు మీద నాచు గీకి, సిమెంటు పాలు పోసి ఆ పైన వేయమనండి. నాలుగు బోల్టులు పచ్చిగా ఉండగానే దిగేయాలి. ఆ బోల్టుల కొలతకి డిష్ పైపు అడుగున ఉండే పట్టీ కావాలి, దాన్ని ముందే షాపు నుంచి తెచ్చుకోండి. శ్లాబులోకి నేరుగా డ్రిల్లింగ్ మాత్రం చేయనివ్వకండి, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు కారుతుంది. దిమ్మెకి వారం రోజులు నీళ్లు పట్టాలి. కాబట్టి మనిషిని ఈ ఆదివారం కాకుండా పై ఆదివారం రమ్మని చెప్పండి.

మీది ఉప్పుగాలి ఊరు. మామూలు ఇనుప బోల్టులు రెండేళ్లలో పొడి రాలతాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి మీరే కొనిపెట్టండి, ఖర్చు కొంచెమే ఎక్కువ. పైపుకి తుప్పు పట్టని పెయింటు ఒక చెయ్యి వేయండి.

కేబుల్ సంగతి. ఆర్‌జీ-6 అని రాసి ఉన్నది అడగండి. డిష్ నుంచి టీవీ దగ్గరి సెట్‌టాప్ బాక్సు దాకా ఒకటే ముక్క కావాలి, మధ్యలో అతుకు వద్దు. పీవీసీ పైపులోంచి తెస్తే ఎండకి పెళుసు బారదు, ఎలుకలు కొరకవు. కరెంటు తీగలున్న పైపులోకి మాత్రం దూర్చనివ్వకండి. గోడకి కన్నం బయటి నుంచి లోపలికి కాస్త ఎత్తుగా వాలి ఉండాలి. కన్నంలోకి పోయే ముందు కేబుల్ కిందికి ఒక వంపు తిరగాలి, వాన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవబోతున్నాయి కాబట్టి కన్నం చుట్టూ, డిష్ దగ్గర కనెక్టర్ చుట్టూ సిలికాన్ పూయించకుండా అతన్ని పంపకండి.

టీవీ ఎక్కడ పెడతారో ముందే అనుకుని, అక్కడ రెండు ప్లగ్ పాయింట్లు ఉన్నాయో లేదో చూడండి. మేడ పక్కగా కరెంటు తీగలు పోతుంటే డిష్‌నీ మనిషినీ ఆ వైపుకి పోనివ్వకండి. పైపుకి ఎర్తింగ్ వైరు ఎలక్ట్రీషియన్ చేతే వేయించండి. ఎర్తింగ్ ఉన్నా సరే, ఉరుములు మొదలైతే బాక్సు ప్లగ్గూ కేబులూ రెండూ పీకేయండి. పని అయ్యాక అతను కిందికి దిగకముందే మీరు పైపు పట్టుకుని ఊపి చూడండి. కదిలితే మళ్లీ బిగించమని గట్టిగా అడగండి, మొహమాటం వద్దు.

ప్రశ్న: నెల్లూరులో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాం. బాల్కనీ ఉత్తరం వైపు ఉంది. ఇంటి ఓనరు మేడ మీదికి ఒప్పుకోవడం లేదు. బాల్కనీలోనే డిష్ పెట్టుకోవచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: కుదరదు తమ్ముడూ. ఏ కంపెనీ డిష్ తీసుకున్నా ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖ పైనే ఉంటాయి. మనం దానికి ఉత్తరాన ఉన్నాం కాబట్టి మన డిష్‌లన్నీ దక్షిణం వైపు ఆకాశాన్నే చూడాలి. మీ బాల్కనీకి ఆ వైపున మీ ఇల్లే అడ్డం. ఓనరుగారి భయం శ్లాబుకి కన్నాలు పడతాయని అయి ఉంటుంది. కన్నం లేకుండా దిమ్మె మీద బిగిస్తానని, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్తానని చెప్పి చూడండి. పైన చెప్పిన దిమ్మె కొలతలు ఆయనకి చూపించండి.