ప్రమోషన్ వద్దన్న మా అమ్మాయి, ఆమె చూపించిన లెక్క

మీ ప్రశ్న చదివాను. మీ అబ్బాయికి 26 ఏళ్ళు, ఏడాదిన్నరలో రెండు ఉద్యోగాలు మానేశాడు. మూడో చోట ప్రమోషన్ ఇస్తామంటే "నాకొద్దు, ఇట్లా ప్రశాంతంగా ఉంటే చాలు" అన్నాడు. "మా కాలంలో ఉన్న కసి ఈ పిల్లల్లో ఏమైంది, అసలు కష్టపడే గుణమే లేదా" అని అడిగారు. ఇంచుమించు ఇదే మాట నేను రెండేళ్ళ కిందట మా అమ్మాయిని అన్నాను. ఆ తర్వాత దాదాపు రెండు నెలలు మా ఇద్దరికీ మాటల్లేవు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను అనంతపురం జిల్లాలో హైస్కూల్లో లెక్కల టీచర్ని. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె. మా నాయనకు ఏడెకరాల మెట్ట, అంతా శెనక్కాయ పంటే. మా జిల్లాలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన, అదైనా అదనుకు పడదు. జూన్, జూలైలో పదును చూసి విత్తనం వేస్తాం, చెట్టు బాగానే లేస్తుంది, పూత వస్తుంది. సరిగ్గా ఊడలు భూమిలోకి దిగి కాయ కట్టే టైముకు వాన ఎగ్గొడుతుంది. అప్పుడు చేను పైకి పచ్చగానే కనిపిస్తుంది, పెరికి చూస్తే కింద రెండే కాయలు. నా చిన్నప్పుడు వరసగా మూడేళ్ళు ఇట్లాగే జరిగింది.

మే నెలలో విత్తనపు కాయలు ఒలిచే పని ఉండేది. మా కాయలయ్యాక పక్కింటి రెడ్డిగారివి కూడా పడికి ఇంత అని కూలికి ఒలిచేవాళ్ళం. మిషన్లో వేస్తే గింజ పగులుతుంది, విత్తనానికి పనికిరాదు. అందుకని చేత్తోనే ఒలవాలి. కాయల మీద నీళ్ళు చల్లి కాసేపు గోనెసంచి కప్పి పెట్టినా, మధ్యాహ్నానికి బొటనవేలు, చూపుడువేలు చివర్లు ఎర్రగా కందిపోయేవి. రెండో రోజుకు చర్మం లేచేది. మూడో రోజు ఆ వేళ్ళతో ఉప్పు, కారం కలిసిన అన్నం ముట్టుకుంటే ప్రాణం పోయినట్టుండేది. నాయన నా చెయ్యి తిప్పి చూసి, "నువ్వు లేచి పుస్తకం పట్టుకోపో, ఇవి నేను చూసుకుంటా" అనేవాడు. చదువు గొప్పదని ఆయన నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. అట్లా లేపి పంపేవాడు, అంతే.

నేను చదివింది ఆ భయంతోనే. 1996 డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో వాన గురించి మాట్లాడుకోవడం తగ్గింది. దాన్నే నేను ఇన్నేళ్ళూ కసి అని, పట్టుదల అని క్లాసులో పిల్లలకు చెప్పుకుంటూ వచ్చాను. నా తర్వాతి డీఎస్సీ 1998ది. అందులో అర్హత సాధించినా పోస్టింగు రాకుండా ఆగిపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాతో కలిసి చదువుకున్న స్నేహితుడు వాళ్ళలో ఒకడు. ప్రైవేటు స్కూళ్ళలో, ట్యూషన్లతో నెట్టుకొచ్చాడు. 2022లో ప్రభుత్వం వాళ్ళను కాంట్రాక్టు పద్ధతిలో మినిమం టైమ్ స్కేలుతో, అంటే ఆ పోస్టుకుండే కనీస మూల జీతంతో, తీసుకోవాలని నిర్ణయించింది. అప్పటికి వాడికి యాభై దాటాయి. ఆర్డరు చేతికొచ్చిన రోజు నాకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడలేకపోయాడు. పాతికేళ్ళు ఒకే ఉద్యోగం కోసం ఎదురుచూసిన మనిషిని చూసిన నాకు, ఏడాదిన్నరలో రెండు ఉద్యోగాలు మానేసే పిల్లలు అర్థం కావడానికి టైము పట్టింది. మీకూ పడుతుంది.

మా అమ్మాయి అనంతపురంలోనే ఇంజనీరింగ్ చేసి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగులో చేరింది. నాలుగేళ్ళకు టీమ్ లీడ్ చేస్తామన్నారు. నేను మా స్టాఫ్ రూములో స్వీట్లు పంచడానికి సిద్ధమవుతుంటే, ఆ ఆదివారం ఫోన్లో "వద్దన్నాను నాన్నా" అంది. నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. "మీ తాత ఎండలో చచ్చింది ఇందుకేనా" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

రెండు నెలల తర్వాత నాకు కంటి ఆపరేషన్ అయింది. బెంగళూరులో చేయించుకుని పది రోజులు పాప గదిలోనే ఉన్నాను. మీతో చెప్పాలనుకున్నది ఆ పది రోజుల గురించే.

పొద్దున ఏడున్నరకు క్యాబ్. సిల్క్ బోర్డు జంక్షన్ దాటి ఆఫీసుకు చేరేసరికి గంటన్నర. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఎనిమిది. వచ్చాక అమెరికా వాళ్ళతో మళ్ళీ కాల్. ఒక రాత్రి పదకొండున్నరకు నాకు మెలకువ వచ్చింది. పాప నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది, ఒళ్ళో ల్యాప్‌టాప్. కెమెరా ఆపేసి, మైకు ఆపేసి, పొద్దున చేసిన చిత్రాన్నం చల్లగా తింటోంది. ఎవరో పేరు పిలవగానే ముద్ద గబగబా మింగి, మైకు ఆన్ చేసి, నవ్వు మొహంతో మాట్లాడింది. కెమెరా లేదు కదా, ఎవరికీ కనిపించదు, అయినా నవ్వింది. మాట అయిపోయాక మళ్ళీ ముద్ద కలిపింది. మా నాయన చేలో గట్టు మీద కూర్చుని అంబలి తాగేటప్పుడు కూడా ఇంత హడావుడి ఉండేది కాదు. ఈ పిల్లకు కష్టపడే గుణం లేదని నేనెట్లా అన్నానా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు నేనే అడిగాను, "లీడ్ ఎందుకు వద్దన్నావు తల్లీ" అని. లేచి ఒక కాగితం తెచ్చింది. అప్పటికి ఆమె జీతం చేతికి 62 వేలు. రోజుకు తొమ్మిది గంటలు, నెలకు 22 రోజులు, మొత్తం 198 గంటలు. గంటకు 313 రూపాయలు. లీడ్ అయితే నెలకు తొమ్మిది వేలు పెరుగుతుంది. అంతకుముందు ఆ పని చేసిన ఇద్దరిని అడిగితే రోజుకు కనీసం మూడు గంటలు ఎక్కువ పడుతుందన్నారట. నెలకు 66 గంటలు. తొమ్మిది వేలను 66తో భాగిస్తే గంటకు 136. "నా పాత గంట 313, కొత్త గంట 136. నువ్వు చెప్పిన లెక్కే కదా నాన్నా, ఏది తీసుకోమంటావు?" అంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా లెక్కలు చెబుతున్న నాకు అందులో తప్పు కనిపించలేదు. లీడ్ అయ్యాక ముందు ముందు వచ్చే జీతం అందులో లేదు కదా అన్నాను. దానికీ ఆమె దగ్గర జవాబుంది. ఇంతకుముందు లీడ్ చేసిన ఆ ఇద్దరిలో ఒకరు వెన్నునొప్పితో సెలవులో ఉన్నారట, ఇంకొకరు అసలు మానేశారట.

తర్వాత నెమ్మదిగా ఇంకో మాట అడిగింది. "నువ్వు హెడ్‌మాస్టర్ ప్రమోషన్ వదులుకున్నావు కదా?" అంది. నిజమే. 2015లో నాకు ప్రమోషన్ వచ్చింది, కానీ ఖాళీ ఉన్నది ఎక్కడో మడకశిర అవతల. అమ్మకు ఒంట్లో బాగోలేదు, పాప ఇంటర్ చదువుతోంది. వద్దని రాసిచ్చాను. టీచర్లలో ఇట్లా వదులుకున్నవాళ్ళు నాతో పాటు చాలామంది ఉన్నారు. నన్నెవరూ సోమరి అనలేదు. "సంసారం చూసుకున్నాడు, మంచి మనిషి" అన్నారు. అదే పని పాతికేళ్ళ పిల్ల చేస్తే నాకు తప్పుగా కనిపించింది. పాపకు అప్పటికి సంసారం లేదు, చూసుకోవాల్సింది తన ఒళ్ళే. దాన్ని నేను కారణంగా లెక్క పెట్టలేదు.

ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023 అక్టోబరులో యువత వారానికి 70 గంటలు పని చేయాలన్నప్పుడు మా స్టాఫ్ రూములో పెద్ద చర్చే జరిగింది. మా వయసు వాళ్ళమంతా ఆయన చెప్పింది నిజమే అన్నాం. కొత్తగా వచ్చిన ఒక మేడం మాత్రం "సార్, ఆ 70 గంటలు పని చేసేవాళ్ళ ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు, పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?" అని అడిగింది. ఎవ్వరమూ జవాబు చెప్పలేకపోయాం. నేను స్కూలుకు పోయిన ఇరవై తొమ్మిదేళ్ళూ మా ఇంట్లో పొయ్యి వెలిగించింది మా ఆవిడ. ఆమె గంటలు ఎక్కడా రాయలేదు.

ఇంకోటి కూడా ఆలోచించండి. మనం ఒళ్ళు వంచి పని చేస్తే మనకు దక్కినవి ఇప్పటి పిల్లలకు దక్కడం లేదు. నాకు పాత పెన్షన్ ఉంది. 2004 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో చేరినవాళ్ళకు సీపీఎస్సే, అంటే జీతంలోంచి నెలనెలా కోసి దాచే పెన్షన్, చివరికి ఇంత వస్తుందన్న హామీ లేదు. టీచర్ ఉద్యోగం కోసం కాచుకున్న పిల్లల సంగతి చూడండి: 2018 తర్వాత 2024లో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, అది రద్దయింది, 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. మధ్యలో ఏడేళ్ళు. నంద్యాలలో బ్యాంకు కోచింగులకని రూములు తీసుకుని నాలుగైదేళ్ళుగా చదువుతున్న నా పాత విద్యార్థులు ఉన్నారు. ఒకే గదిలో ముగ్గురు, మెస్సులో భోజనం, పండక్కి కూడా ఊరికి రారు, వస్తే "ఏమప్పా, ఇంకా రాలేదా" అని అడుగుతారని. వాళ్ళకు ఆశ లేదని ఎవరనగలరు? ఆశ ఎక్కువై ఎటూ కదల్లేక ఉన్నారు. నాకు వాళ్ళను తలుచుకుంటేనే ఎక్కువ బాధ.

పదో తరగతిలో "ఏమవుతారు" అని అడిగితే వచ్చే జవాబులు కూడా మారాయి. మునుపు టీచరు, పోలీసు, కలెక్టరు. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల తయారీ మొదలయ్యాక మగపిల్లలు ఐటీఐ, పాలిటెక్నిక్ గురించి అడగడం మొదలుపెట్టారు. ఈ మధ్య ఒక ఆడపిల్ల లేచి "బెంగళూరులో పని చేస్తా సార్, కానీ శని, ఆదివారాలు ఊళ్ళో ఉంటా" అంది. క్లాసంతా నవ్వింది. నాకు మాత్రం ముచ్చటేసింది. పదిహేనేళ్ళకే ఆ పిల్ల తన వారాన్ని ఎట్లా గడపాలో అనుకుంటోంది. నేను ఆ వయసులో శెనక్కాయలు ఒలిచే పని తప్పితే చాలనుకున్నాను.

అట్లాగని మానేసినవాళ్ళందరినీ నేను సమర్థించను. నా విద్యార్థే ఒకడు మూడు చోట్ల మానేశాడు. ఒక చోట సూపర్‌వైజర్ గట్టిగా మాట్లాడాడని, ఇంకో చోట షిఫ్టు నచ్చలేదని, మూడో చోట కారణం వాడికే తెలియదు. ఇప్పుడు అన్న సంపాదన మీద బతుకుతూ, రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తూ, "నాకు టెన్షన్ పడదు సార్" అంటాడు. వాడికి గట్టిగానే చెప్పాను. ఇంకొకరి కష్టం మీద ఆధారపడిన ప్రశాంతత నాకు సరైనదనిపించలేదు. మా అమ్మాయి ఏ నెలా నన్ను రూపాయి అడగలేదు. ఎడ్యుకేషన్ లోను కంతు తనే కట్టుకుంది. వీళ్ళిద్దరూ "నాకొద్దు" అనే అన్నారు, కానీ ఆ ఇద్దరినీ ఒకే గాటన కట్టకూడదు.

లీడ్ వద్దన్నాక మా పాప మిగిలిన టైములో ఏం చేసిందని మీరు అడగొచ్చు. మొదటి మూడు నెలలు నిద్రపోయింది. నిజంగా అదే చేసింది. తర్వాత పదిహేను రోజులకోసారి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఊళ్ళో దిగడం మొదలుపెట్టింది. అవ్వ దగ్గర కూర్చునేది. నిరుడు ఒక కోర్సు చేసి వేరే పనికి మారింది, జీతం లీడ్ జీతం కన్నా కొంచెం ఎక్కువే. జీతం పెరిగింది కాబట్టి ఆమె చేసింది ఒప్పు అని నేను అనడం లేదు. పెరక్కపోయినా ఆ కాగితం మీది లెక్క ఒప్పే.

కాబట్టి మీ అబ్బాయిని కూర్చోబెట్టి తిట్టకుండా ఒకసారి అడగండి. రోజుకు ఎన్ని గంటలు పోతున్నాయి, ప్రమోషన్ వస్తే ఎన్ని పెరుగుతాయి, ఎంత వస్తుంది, ఇల్లు అద్దె, అప్పులు తనే కట్టుకుంటున్నాడా, మిగిలిన టైముతో ఏం చేయాలనుకుంటున్నాడు. వీలైతే నాలుగు రోజులు వెళ్ళి అతని దగ్గర ఉండి రండి, ఫోన్లో తెలిసేది కాదు ఇది. మాట్లాడేటప్పుడు మన కష్టాల కథ ముందే మొదలుపెట్టకండి. నేను అదే పొరపాటు చేశాను.

మీరు రెండు ఉద్యోగాలు మానేశాడని రాశారు గానీ, అవి ఎందుకు మానేశాడో రాయలేదు. అతన్ని అడిగి ఉంటే ఆ సంగతి కూడా చెప్పండి. అడగకపోయి ఉంటే, ఈ రోజే అడిగి చూడండి.